కిటికీల ఇల్లు, కిటికీ తెరుచుకోని బస

ఇంగ్లండ్‌లో డెర్బీషైర్‌లోని హార్డ్‌విక్ హాల్ అనే పాత కాలపు భవనం తప్పకుండా చూడండి. బసకు మాత్రం దగ్గర్లోని చెస్టర్‌ఫీల్డ్ ఊళ్లో మామూలు హోటల్ వెతుక్కోండి. ‘చారిత్రక భవనంలో బస’ అని ఊరించిన ఓ చోట మా దగ్గర రాత్రికి 110 పౌండ్లు గుంజి వెనకవైపు గది ఇచ్చారు. ఉన్న ఒక్క కిటికీ రంగులు పూసీ పూసీ బిగుసుకుపోయింది. కర్టెన్ తీస్తే చెత్తడబ్బాలు. బ్రేక్‌ఫాస్ట్ ఉచితమని చెప్పి, పొద్దున బిల్లులో మనిషికి 12 పౌండ్లు వేశారు. ఇదేంటంటే, ‘బ్రెడ్డూ జామూ ఫ్రీ, మీరు ఆమ్లెట్ తిన్నారుగా’ అన్నారు. టాక్సీలో (మరో 28 పౌండ్లు) మా ఆవిడ ఒక్క ముక్క మాట్లాడలేదు.

గుట్ట మీద ఇల్లు కనబడగానే మూడ్ మారింది. గోడకన్నా గాజే ఎక్కువని ఇంగ్లీషువాళ్లు దీని మీద సామెతే కట్టారు. బెస్ ఆఫ్ హార్డ్‌విక్ అనే సంపన్నురాలు 1590లో మొదలుపెట్టించి 1597లో ఇందులోకి మారింది. నలుగురు భర్తల తర్వాత చేతికందిన సంపద మరి! ఆరు బురుజుల నెత్తినా తన పొడి అక్షరాలు ‘ఇ ఎస్’ (ఎలిజబెత్ ష్రూస్‌బరీ) రాతిలో చెక్కించుకుంది.

ఇది రాబర్ట్ స్మిత్‌సన్ అనే వాస్తుశిల్పి ప్లాన్ అంటారు. అంతస్తు పెరిగేకొద్దీ కిటికీలూ పెరుగుతాయి: కింద పనివాళ్లు, మధ్యలో కాపురం, పైన దర్బారు. బయటి గోడలన్నీ గాజుకే వదిలేయడానికి పొగగొట్టాలను లోపలి గోడల్లోకి నెట్టారు. పై హాల్లో గోడ చుట్టూ సున్నంతో ఉబ్బెత్తుగా చేసి రంగులేసిన అడవి, చెట్ల మధ్య వేట దేవత డయానా, జింకలు. ఇంత గాజు పెట్టి కట్టిన ఇంట్లో ఇప్పుడు గోడలకు వేలాడే పాత బొమ్మల నేత తెరలు (ట్యాపెస్ట్రీలు) వెలిసిపోతాయని బ్లైండ్లు దించి ఉంచుతారు.

లాంగ్ గ్యాలరీ అనే పొడవాటి హాల్లో బైబిల్ వీరుడు గిడియన్ కథ నేసిన 13 తెరలున్నాయి. హాటన్ అనే పెద్ద మంత్రి పోయాక అతని వారసుడి దగ్గర బెస్ కొన్నది. వాటి మీద హాటన్ చిహ్నాలున్నాయి, తనవి వేయించుకోవాలి కదా అని 5 పౌండ్లు తగ్గించుకుందట. ‘బేరమంటే అదీ!’ అంది మా ఆవిడ. సాయంత్రం రిసెప్షన్‌లో నిలబడి 24లో 12 పౌండ్లు వెనక్కి రాబట్టింది.

పక్కనున్న పాత హాలూ బెస్ కట్టించిందే. కప్పు పోయినా పొయ్యిల పైన సున్నపు బొమ్మలు కొన్ని మిగిలాయి. టైము చాలకపోతే అది వదిలేయండి గానీ, మోకాళ్లు ఎంత మొరాయించినా కొత్త హాల్లో పై అంతస్తు దాకా ఎక్కండి. రాతి మెట్లు వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉంటాయి.