ఆరేళ్ల ఏఎంటీ కారు, సుంకి ఘాటులో మొరాయించిన చిన్న పెట్టె

ఈ కారు మైలేజీ, డిక్కీ సైజు, రంగుల గురించి రాయను. అవి అందరికీ తెలిసినవే. 2019 డిసెంబరులో కొన్నాను, ఇప్పటికి 81 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇది ఏఎంటీ, అంటే క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే కారు. నేను రాయాలనుకున్నది దాని గేర్ల గురించి, ఆ గేర్లను నడిపించే టీసీఎం (ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ మాడ్యూల్) అనే చిన్న కంప్యూటర్ పెట్టె గురించి.

నాకు 2018లో ఎడమ మోకాలికి లిగమెంటు ఆపరేషన్ అయింది. ఉండేది విజయనగరంలో, పని చేసేది గజపతినగరం అవతల ఒక హైస్కూల్లో. రానూపోనూ రోజుకి 50 కిలోమీటర్ల పైనే. పాత కారులో క్లచ్ తొక్కీ తొక్కీ సాయంత్రానికి మోకాలు వాచిపోయేది. ఏఎంటీ తీసుకున్న మొదటి వారమే ఆ వాపు తగ్గింది. ఆ సంతోషం నాకు ఈరోజుకీ ఉంది. సిరిమానోత్సవం రోజున మూడు లాంతర్ల దగ్గర జనంలో గంటసేపు అంగుళం అంగుళం కదిలినా ఎడమకాలు కదపలేదు. స్టాఫ్ రూములో ఈ కారును ఎంత మెచ్చుకున్నానంటే, మా తోటి టీచర్లు ఇద్దరు ఏఎంటీలే కొన్నారు. ఇప్పుడు వాళ్లకి చెప్పాల్సింది ఇంకొంచెం ఉందని తెలిసింది.

ఏఎంటీలో ఉండేది మామూలు గేరుబాక్సే. మనం కాలితో, చేతితో చేసే పనిని నా కారులో ఒక హైడ్రాలిక్ పంపు, వాల్వులు చేస్తాయి. ఏ క్షణాన ఏది చేయాలో వాటికి చెప్పేది టీసీఎం. అది నోరు మూసుకుంటే మిగతావన్నీ బాగున్నా బండి నడవదు.

2024 ఏప్రిల్‌లో గంటస్తంభం దగ్గర మిట్టమధ్యాహ్నం మీటరులో గేరు నంబరు ఒక్కసారి మాయమైంది. ఇంజిన్ లైటు వెలిగింది. ఆపి స్టార్ట్ చేస్తే మామూలైపోయింది. కంపెనీ వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే కంప్యూటర్‌లో పడిన లోపాల కోడ్‌లు చెరిపేసి, క్లచ్ అరిగిందన్నారు. 58 వేల కిలోమీటర్లు తిరిగిన బండి కదా, నిజమే అయ్యుంటుంది అనుకున్నాను. క్లచ్ సెట్టు, లేబరు కలిపి 16,800 కట్టాను. అడిగితే పాత క్లచ్ ప్లేటు ఇచ్చారు, డిక్కీలో పడేశాను.

అయిదు వారాలు బాగానే ఉంది. మే నెలాఖరు ఆదివారం కొరాపుట్‌లో పెళ్లికని బయల్దేరాం. నేను, మా ఆవిడ, వెనక సీట్లో మా అత్తగారు. సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కుతుంటే ఎదురుగా లారీ వచ్చింది. దారి ఇద్దామని మలుపులో బ్రేకు తొక్కాను. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. గేరు నంబరు ఉండాల్సిన చోట చిన్న గీత. తాళం తిప్పితే లైట్లు వెలుగుతున్నాయి గానీ స్టార్టర్ తిరగడం లేదు. న్యూట్రల్‌లో ఉందని టీసీఎం చెబితేనే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది మరి. ఆ చెప్పే పెట్టే పలకడం లేదు.

పక్కకి తోద్దామంటే కదలదు. బండి రెండో గేరులోనే ఉండిపోయింది, క్లచ్ పట్టుకునే ఉంది. లివర్‌ని న్యూట్రల్‌లోకి లాగినా ఉపయోగం లేదు. ఆ లివర్ గేరుబాక్సుకి నేరుగా తగిలి ఉండదు, అది ఒక స్విచ్ మాత్రమే. వెనక లారీలు వరసగా ఆగిపోయాయి. వాటిలో ముందున్న లారీ క్లీనర్ కుర్రాడు దిగివచ్చి చక్రాల వెనక రాళ్లు పెట్టాడు. "గేరులోనే ఉంది గదా మాస్టారూ, ఎనక్కి జారదు, భయపడకండి" అన్నాడు ఆ లారీ డ్రైవరు. ఆ మాట ఎంత ధైర్యాన్నిచ్చిందో చెప్పలేను. వాళ్లే దిగి ట్రాఫిక్ చూసుకున్నారు. బానెట్ ఎత్తి ముప్పావుగంట అలాగే ఉంచాం. తర్వాత తాళం తిప్పితే గేరు నంబరు తిరిగొచ్చింది. పెళ్లి మానుకుని, గేర్లు నేనే మార్చుకునే మాన్యువల్ మోడ్‌లో కిందికి దిగిపోయాం. "లోయలోకి పోలేదు, అదే పదివేలు" అంది మా ఆవిడ.

సాలూరు లారీల ఊరని మన జిల్లాల్లో అందరికీ తెలుసు. ఎన్ని లారీలో అన్ని షెడ్లు. ఆ క్లీనర్ చెప్పిన ఆటో ఎలక్ట్రీషియన్ షెడ్డుకి వెళ్లాం. లారీలు చూసే ఆయన నా కారును ఏం చూస్తారని మనసులో అనుమానమే. జరిగిందంతా ఓపికగా విన్నారు. "వేడెక్కినప్పుడే పోతందంటున్నారు గదా, వేడెక్కించే సూడాలి. సల్లారిపోయాక ఏటి దొరుకుతాది?" అన్నారు.

వేడిగాలి కొట్టే గన్ తెచ్చి, దూరం నుంచి మెల్లగా ఆ పెట్టెకి వేడి తగిలించారు. నాలుగైదు నిమిషాలకి మీటరులో మళ్లీ అదే గీత! స్కానర్ పెడితే యూ0101 అని వచ్చింది. టీసీఎంతో మాటలు తెగిపోయాయని ఆ కోడ్‌కి అర్థమట. అయినా ఆయన వెంటనే పెట్టెని అనలేదు. కనెక్టర్ దగ్గర కరెంటు వస్తోందా, ఎర్త్ బాగుందా అని మీటరు పెట్టి చూశారు. 12.3 వోల్టులు ఉంది, ఎర్త్ గట్టిగా ఉంది. తర్వాత తాళం తీసేసి, స్టీరింగ్ కింద స్కానర్ పెట్టే సాకెట్‌లో ఆరో పిన్నుకీ పద్నాలుగో పిన్నుకీ మధ్య రెసిస్టెన్స్ కొలిచారు. 60 ఓములు. కారులోని కంప్యూటర్ పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ వైర్లకి రెండు చివర్లా 120 ఓముల రెసిస్టర్లు ఉంటాయి, రెండూ కలిస్తే 60 చూపించాలి, చూపిస్తోంది కాబట్టి వైర్లు తెగలేదు అని నాకు అర్థమయ్యేలా చెప్పారు. కరెంటు ఉంది, ఎర్త్ ఉంది, వైర్లు బాగున్నాయి, పెట్టె మాత్రం పలకడం లేదు. లోపలి టంకం ఎక్కడో చిట్లి వేడికి విడిపోతూ ఉండొచ్చన్నారు.

నాకు డిక్కీలోని క్లచ్ ప్లేటు గుర్తొచ్చింది. తీసి చూపించాను. రివెట్ల మీద మందం వేలితో తడిమి, ఏమీ అనకుండా తిరిగి నా చేతిలో పెట్టేశారు. అరిగిన ప్లేటు కాదది. అరగంట పనికి ఆయన తీసుకున్నది 400 రూపాయలు. 16,800 తీసుకున్నచోట ఒక్కరూ మీటరు పెట్టి చూడలేదు. నా బాధంతా ఇదే. పార్టులు పోతాయి, పోకుండా ఉండవు. కానీ పోయింది ఏదో చూడకుండా ఇంకోటి మార్చేయడం నేను మరిచిపోలేను.

సెకండ్ హ్యాండ్ మాడ్యూల్ తెచ్చుకోవద్దని కూడా ఆయనే చెప్పారు. నా బండికి కొత్త పెట్టె బిగించాక ఛాసిస్ నంబరుతో కోడింగ్ చేయాలి, అది కంపెనీ కంప్యూటర్‌తోనే అవుతుంది. బండిని తాడు కట్టి లాగొద్దు, నాలుగు చక్రాలూ పైకి వచ్చేలా ఇంకో బండి మీదకి ఎక్కించే పంపమన్నారు. గేరులో ఇరుక్కున్న బండిని రోడ్డు మీద లాగితే పాడైపోతుంది కదా.

వర్క్‌షాప్‌లో మొదట ఒప్పుకోలేదు. వేడి చేసి చూపించాక ఒప్పుకున్నారు. పార్టు రావడానికి 17 రోజులు. మాడ్యూల్ 24,300, అప్పట్లో జీఎస్టీ 28 శాతం కూడా అందులోనే. 2025 సెప్టెంబరు నుంచి పార్టులకి 18 శాతమే కాబట్టి ఇప్పుడు కొంత తగ్గాలి. కోడింగ్‌కి ఇంకో 2,800. క్లచ్ డబ్బులు ఎంత అడిగినా తిరిగి ఇవ్వలేదు.

తెచ్చుకున్న రోజు బండి మొదటి గేరులో కప్పలా గెంతింది. మర్నాడే వెనక్కి తీసుకెళ్లాను. ఈసారి వేరే టెక్నీషియన్ చూశాడు, చిన్నవాడే. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో, ఏ గేరు ఏ స్థానంలో ఉందో కొత్త మాడ్యూల్ నేర్చుకోవాలి, ఆ పని సగంలో వదిలేశారన్నాడు. బ్యాటరీకి చార్జర్ తగిలించాడు. మధ్యలో వోల్టేజీ పడిపోతే మళ్లీ మొదటికొస్తుందట. ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి, ఓపికగా చేశాడు. బయటికి తీసి చూస్తే నేను నమ్మలేకపోయాను. కొత్తలో కూడా రెండు నుంచి మూడుకి మారేటప్పుడు తల చిన్నగా ఊగేది. అది ఏఎంటీ గుణం అనుకుని అలవాటు పడిపోయాను. ఇప్పుడు అది దాదాపు లేదు.

అప్పటినుంచి 23 వేల కిలోమీటర్లు తిరిగాను. ఒక్కసారి కూడా ఆ గీత కనిపించలేదు. మొన్న ఎండాకాలం సుంకి మళ్లీ ఎక్కాం, మాన్యువల్ మోడ్‌లోనే. ఎత్తు మీద ఆగాల్సివస్తే యాక్సిలరేటర్ మీద నిలబెట్టడం మానేసి హ్యాండ్ బ్రేకు వేస్తున్నాను. అలా నిలబెడితే క్లచ్ కాలిపోతుంది.

కొనొచ్చా అని అడిగితే నాలాంటి మోకాలున్నవాళ్లకి కొనమనే చెబుతాను. నేనైతే మళ్లీ క్లచ్ బండికి వెళ్లలేను. రోజూ ఊళ్లో తిరిగేవాళ్లకి, 50 కిలోమీటర్ల లోపు మంచి సర్వీసు ఉన్నవాళ్లకి కూడా ఇబ్బంది ఉండదు. పాడేరు, సీతంపేట వైపు కొండల్లో రోజూ తిరిగేవాళ్లయితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. నేను ఎక్స్‌టెండెడ్ వారంటీ వద్దన్నాను, అది తప్పని ఇప్పుడు తెలుసు. తీసుకునేవాళ్లు అందులో టీసీఎం, ఆక్చుయేటర్ (గేర్లు, క్లచ్ కదిపే పంపు, వాల్వుల సెట్టు) ఉన్నాయో లేదో కాగితం మీద చదివాకే డబ్బు కట్టండి. మా టీచర్లిద్దరికీ ఇదే చెప్పాను. ఒకరు అప్పుడే వెళ్లి కట్టేశారు. రెండోవారిది గడువు దాటిపోయింది, ఆయన బండిని వచ్చే ఆదివారం సాలూరు తీసుకెళ్లి ఎర్త్‌లు, బ్యాటరీ చూపించుకొస్తాం.