ఛెత్రి 11: వీడ్కోలు జెర్సీ మీద ఏ ప్రింటు నిలుస్తుంది?

భారత ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ సునీల్ ఛెత్రి 2024 మే 16న వీడియోలో అంతర్జాతీయ ఆటకి రిటైర్మెంట్ ప్రకటించాడు. అతని నంబరు 11. ఆఖరిదని చెప్పిన మ్యాచ్ జూన్ 6న, కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో కువైట్‌తో. అంటే అభిమానికి దొరికింది సరిగ్గా మూడు వారాలు. టికెట్, రైలు, హోటల్ అన్నీ చూసుకున్నాక చివర్లో గుర్తొచ్చేది జెర్సీ. దాంతో హడావిడిగా ప్రింటింగ్ షాపుకెళ్లి వెనకాల పేరూ నంబరూ కొట్టించేస్తారు. మ్యాచ్ రోజు బాగానే ఉంటుంది. నాలుగు ఉతుకులకే నంబరు అంచులు లేస్తాయి, తెల్లగా ఉండాల్సిన 11 లేత నీలంలోకి తిరుగుతుంది. మనసుకు దగ్గరైన ఆటగాడి చివరి ఆటకు వేసుకున్న చొక్కాకు ఆ గతి పట్టకూడదు. అందుకే ఊళ్లో మామూలు షాపుల్లో దొరికే నాలుగు రకాల ప్రింటింగునూ (పీయూ వినైల్, డీటీఎఫ్, సబ్లిమేషన్, స్క్రీన్) ఆ ఒక్క పని దృష్టితోనే ఇక్కడ చూస్తున్నాం: పదేళ్ల తర్వాత కూడా ఆ 11 అలాగే ఉంటుందా?

ముందు గుడ్డ సంగతి. భారత జట్టు జెర్సీ అయినా, ఛెత్రి ఆడిన క్లబ్బు బెంగళూరు ఎఫ్‌సీ జెర్సీ అయినా, షాపులో దొరికే సాదా డ్రైఫిట్ అయినా దాదాపు అన్నీ పాలిస్టరే. డాట్‌నిట్ అంటారు, రైస్‌నిట్ అంటారు, పేరేదైనా దారం పాలిస్టర్. పాలిస్టర్‌కి రంగు పట్టించేది వేడితోనే. మళ్లీ ఎక్కువ వేడి తగిలితే ఆ రంగు ఆవిరై పైకి లేస్తుంది, పైన అతికించిన తెల్ల వినైల్లోకి, అంటే నంబరు కట్ చేసే పలచటి ప్లాస్టిక్ పొరలోకి, ఎక్కుతుంది. 11 నీలమయ్యేది అందుకే. షాపులో ఇచ్చినప్పుడు మల్లెపూవులా ఉంటుంది, ఒకటి రెండు రోజులు గడిస్తేగానీ తేడా బయటపడదు. కాబట్టి మ్యాచ్‌కి ముందు రోజు సాయంత్రం ప్రింటుకి ఇవ్వొద్దు. కనీసం వారం ముందు ఇవ్వండి, మళ్లీ చేయించుకోవడానికి టైం ఉంటుంది.

నాలుగింటిలో మా ఓటు పీయూ వినైల్‌కే. అంటే ప్లాటర్ అనే కటింగ్ మెషీన్ మీద కట్ చేసి హీట్ ప్రెస్‌తో అతికించేది. కానీ "వినైల్ కొట్టండి" అని చెబితే సరిపోదు. షాపువాళ్ల దగ్గర మామూలుగా ఉండేది కాటన్ టీషర్టుల రోల్, దాన్ని 150 నుంచి 160 డిగ్రీల దగ్గర నొక్కుతారు. నీలం పాలిస్టర్ మీద ఆ వేడి ప్రమాదం. అడగాల్సినవి రెండు. 130-140 డిగ్రీల దగ్గరే అతుక్కునే తక్కువ వేడి వినైల్ ఉందా? లేకపోతే వెనకవైపు బూడిద రంగు అడ్డుపొర ఉన్న బ్లాకౌట్ వినైల్ ఉందా? అడ్డుపొర ఉన్నది కాస్త మందంగా, ఖరీదుగా ఉంటుంది. ఆ డబ్బు పెట్టండి. ముదురు నీలం, ఎరుపు జెర్సీలైతే అది లేకుండా అసలు చేయించొద్దు.

పని జరుగుతున్నప్పుడు పక్కనే నిలబడి చూడండి. మంచి షాపువాడు ఏమీ అనుకోడు. మొదట ఉత్త జెర్సీని మూడు నాలుగు సెకన్లు నొక్కి తడి పోగొట్టాలి. వానాకాలంలో ఇది తప్పనిసరి, లోపల తేమ ఉంటే జిగురు పట్టదు. తర్వాత జెర్సీ లోపల ఒక పలచటి స్పాంజి ప్యాడ్ పెట్టాలి. మెడ కుట్టు, భుజం కుట్టు మందంగా ఉంటాయి కదా, ప్యాడ్ లేకపోతే ప్రెస్ ప్లేటు ఆ కుట్ల మీద ఆగిపోతుంది, పేరు పైఅంచు దగ్గర ఒత్తిడి పడదు. వారం తర్వాత ముందుగా లేచేది సరిగ్గా ఆ అంచే. ఆ పైన టెఫ్లాన్ షీటు వేసి 10 నుంచి 15 సెకన్లు. షీటు లేకుండా నొక్కితే వీపు మీద ప్లేటు ఆకారంలో నలుచదరంగా మెరిసే మచ్చ పడుతుంది, అది ఇక పోదు. వినైల్ మీదుండే ప్లాస్టిక్ పైపొరను వేడి మీద లాగాలా, చల్లారాక లాగాలా అన్నది వినైల్‌ని బట్టి ఉంటుంది, రోల్ మీద రాసుంటుంది. చల్లారాక లాగాల్సినదాన్ని తొందరపడి వేడి మీద లాగితే మూలలు దాంతోపాటే లేచొస్తాయి. లాగాక ఇంకో ఐదు సెకన్లు నొక్కితే పని పూర్తి. చాలా షాపుల్లో ఎగ్గొట్టేది ఈ చివరి నొక్కుడే.

కొలతలు షాపువాడికి వదిలేస్తే నంబరు చిన్నదై వీపు మధ్యలో ఎక్కడో తేలుతుంది. పెద్దవాళ్ల జెర్సీకి నంబరు ఎత్తు 25 సెంటీమీటర్లు, పేరు 6 నుంచి 7, రెండింటి మధ్య 3 నుంచి 4. పేరు పైఅంచు కాలర్ కుట్టుకి 7 లేదా 8 సెంటీమీటర్ల కింద రావాలి. 11కి ఇంకో చిక్కుంది. రెండు ఒకట్లూ సన్నగా ఉంటాయి కాబట్టి కంప్యూటర్ ఇచ్చే ఖాళీని అలాగే వదిలేస్తే అవి విడివిడి గీతల్లా కనిపిస్తాయి. దగ్గరికి జరపమని చెప్పండి. మధ్య ఖాళీ ఒక్క '1' అంకె వెడల్పు కంటే తక్కువ ఉంటే స్టాండ్స్‌లో చివరి వరస నుంచి కూడా ఒకే నంబరుగా కనబడుతుంది. 10, 8 లాంటి వెడల్పు నంబర్లతో పోలిస్తే 11కి వినైల్ తక్కువ పడుతుంది, వీపుకి గాలి బాగా ఆడుతుంది. జూన్ నెల కోల్‌కతా ఉక్కలో అది చిన్న విషయం కాదు.

పేరు తెలుగులో వేయించుకోవాలనుకునేవాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. ఛెత్రి పుట్టింది సికింద్రాబాద్‌లో, కాబట్టి వీపు మీద తెలుగు అక్షరాలు ఉండటం అందంగానే ఉంటుంది. కానీ చెడిపోయే అవకాశం కూడా ఇక్కడే ఎక్కువ. వాట్సాప్‌లో "ఛెత్రి" అని టైప్ చేసి పంపితే, షాపులో ఉన్న పాత కోరల్‌డ్రా (డిజైన్ సాఫ్ట్‌వేర్)లో అది త్, ర, గుడి అని విడివిడిగా ముక్కలవుతుంది. చాలా డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లే వాడతారు, వాటికి ఫోన్లో టైప్ చేసే యూనికోడ్ తెలుగు పడదు. అను ఫాంట్లలో మళ్లీ టైప్ చేయమనండి, లేదా మీరే అక్షరాల్ని కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మగా, మార్చిన పీడీఎఫ్ పట్టుకెళ్లండి. రెండోది, వత్తుకి చోటు. త్రి కింద క్రావడి (ర వత్తు) దిగుతుంది, అందుకే పేరుకి 7 సెంటీమీటర్లు చాలవు, మొత్తం 9 దాకా ఇచ్చి నంబరుని ఆ మేరకు కిందికి దించాలి. మూడోది అసలైనది: ఛ కింద ఉండే చిన్న గీత. సన్న ఫాంట్‌లో అది మిల్లీమీటరున్నర మందం కూడా ఉండదు. కటింగ్ అయ్యాక వేస్టు లాగేటప్పుడు ట్వీజర్‌కి అంటుకుని వచ్చేస్తుంది. నిలబడినా రెండు ఉతుకులకి రాలుతుంది, అప్పుడు ఛెత్రి కాస్తా చెత్రి అవుతాడు. లావు ఫాంట్ తీసుకోండి, ఏ గీతా 3 మిల్లీమీటర్ల కంటే సన్నగా లేకుండా చూసుకోండి, ఆ చిన్న గీతని అక్షరం ఒంటికి అంటి ఉండేలా గీయమనండి.

రెండో పద్ధతి డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్). ఫిల్మ్ మీద రంగుల్లో ప్రింటు తీసి, జిగురు పొడి చల్లి, కరిగించి, గుడ్డ మీద నొక్కడం. ఇప్పుడు ప్రతి గల్లీలోనూ దొరుకుతోంది, షాపువాళ్లు దీన్నే ముందు చూపిస్తారు, వాళ్లకి పని తక్కువ. పెద్ద నంబరుకి మాత్రం మేం వద్దంటాం. 25 సెంటీమీటర్ల ముద్ర వీపు మీద ప్లాస్టిక్ కాగితంలా అట్టకడుతుంది, గుడ్డ సాగినంతగా అది సాగదు, వంగినచోట గీతలు పడుతుంది. పొడి సరిగ్గా కరగకపోతే రెండో ఉతుకులోనే చిరుగుతుంది. కానీ చిన్న పనులకి దీన్ని మించింది లేదు. అంతర్జాతీయ మ్యాచుల్లో ఛాతీ మీద రెండు జట్ల పేర్లు, తేదీ వేస్తారు చూడండి, అలాంటి సన్న అక్షరాల పట్టీకి డీటీఎఫ్ చక్కగా సరిపోతుంది. సెంటీమీటరు ఎత్తు అక్షరాల్ని వినైల్లో కట్ చేయడం అనవసరపు తంటా.

ఆ పట్టీలో ఏం రాయించాలన్నదానికీ ఒక మాట. ఆ కువైట్ మ్యాచ్ నాటికి దేశం తరఫున ఛెత్రి లెక్క 151 మ్యాచ్‌లు, 94 గోల్స్. అప్పటికి ఆడుతున్నవాళ్లలో అంతర్జాతీయ గోల్స్‌లో రొనాల్డో, మెస్సీల తర్వాత అతనే. ఆ అంకెల్ని చొక్కా మీద వేయించుకోవాలని ఎవరికైనా ఉంటుంది. అయితే 2025 మార్చిలో అతను రిటైర్మెంట్ పక్కన పెట్టి జట్టులోకి తిరిగొచ్చాడు, 19న షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద గోల్ కూడా కొట్టాడు, లెక్క 95కి చేరింది. ఉత్త అంకెలు మాత్రమే ఉన్న జెర్సీ ఆ రోజుతో పాతబడిపోయింది. "భారత్ - కువైట్, 06.06.2024" అని ఉన్న జెర్సీకి ఆ ఇబ్బంది లేదు. మ్యాచ్ 0-0తో ముగిశాక సహచరులు రెండు వరుసల్లో నిలబడి గౌరవ వందనం ఇస్తుంటే అతను కన్నీళ్లు ఆపుకోలేకపోయిన సాయంత్రం అది. తర్వాత ఎన్ని గోల్స్ కొట్టినా ఆ తేదీ మారదు. ఏ ఆటగాడికైనా ఇదే పాటించండి: తేదీ, ప్రత్యర్థి, ఊరు వేయించండి, మొత్తాలు వద్దు. "చివరి మ్యాచ్" అన్న మాట కూడా వేయించకపోవడమే మంచిది.

మూడోది సబ్లిమేషన్, అంటే కాగితం మీద ప్రింటు తీసిన రంగుని వేడితో ఆవిరి చేసి గుడ్డలోకి ఎక్కించడం. దీని గురించి ఆశలు పెట్టుకునేవాళ్లు ఎక్కువ, రంగు గుడ్డలోకే ఇంకిపోతుంది కాబట్టి ఎప్పటికీ ఊడదన్న మాట నిజమే. కానీ దాంతో తెలుపు రంగు రాదు. నీలం జెర్సీ మీద తెల్ల 11 సబ్లిమేషన్‌తో వేయడం ఎవరివల్లా కాదు. తెల్ల పాలిస్టర్ గుడ్డ మీద జెర్సీ మొత్తాన్ని, నీలంతో సహా, 200 డిగ్రీల దగ్గర ప్రింటు చేసి తర్వాత కుట్టాలి. ఇది ఒక్కరి కోసం చేసే పని కాదు, ఇరవై ముప్పై మంది ఫ్యాన్ గ్రూపు ఒకే డిజైన్ వేసుకుంటే లాభం. అలాంటి గ్రూపుకి మాత్రం మిగతా అన్నిటికంటే ఇదే మేలు. రంగు స్క్రీన్ మీద చూసి ఒప్పుకోవద్దు, అరచేతి వెడల్పు ముక్క ప్రింటు తీయించి ఎండలో చూడండి. స్క్రీన్ మీద ఆకాశ నీలంగా కనిపించింది గుడ్డ మీద వంగపండు ఛాయకి తిరగడం మామూలే.

స్క్రీన్ ప్రింటింగ్‌కి ఈ పనిలో పెద్దగా చోటు లేదు. పాలిస్టర్‌కి గుడ్డ రంగు పైకి ఎక్కకుండా ఆపే లో-బ్లీడ్ ఇంకు వాడాలి, అది అన్ని షాపుల్లో ఉండదు, ఒక్క చొక్కా కోసం ఎవరూ స్క్రీన్ (ప్రింటు వేసే జాలీ చట్రం) కట్టరు.

జెర్సీ ఇంటికి తెచ్చాక మొదటి ఉతుకుకి కనీసం 24 గంటలు ఆగండి. తిరగేసి, చల్లనీళ్లలో, మామూలు సబ్బు పొడితో చాలు. బ్లీచ్, కంఫర్ట్ లాంటివి వద్దు, అవి జిగురుని వదులు చేస్తాయి. మెలిపెట్టి పిండకండి, బండ మీద బాదకండి, డ్రయ్యర్‌లో వేయకండి. నీడలో ఆరేయండి. ఇస్త్రీ కావాలంటే లోపలి వైపు నుంచి, నంబరు లేని చోటే. నీలం ఎక్కుతోందా లేదా అని మూడోరోజు ఒకసారి తెల్ల కాగితం పక్కన పెట్టి చూడండి. కొద్దిగా ఛాయ మారినా వెంటనే షాపుకి తీసుకెళ్లండి, ఆలస్యమైతే ఉతుకు మీదికి నెట్టేస్తారు.

చాలామంది ఆ తర్వాత ఫ్రేము కట్టిస్తారు. మామూలు ఫొటో ఫ్రేముల షాపుకిచ్చి వదిలేస్తే జెర్సీని సన్‌బోర్డు (తేలికపాటి ఫోమ్ అట్ట) మీద ఫెవికాల్‌తోనో, డబుల్ సైడ్ టేపుతోనో అంటించేస్తారు. అవి కొన్నేళ్లకి పసుపు మరకలై గుడ్డ ఇవతలికి కనిపిస్తాయి. బోర్డు మీద సన్నని నీలం దారంతో కుట్టించండి, అదీ కుట్ల వెంబడే, భుజాల దగ్గర రెండు, చంకల దగ్గర రెండు, అడుగంచుకి మూడు టాకాలు చాలు. నంబరు మీద సూది దిగకూడదు. ఫ్రేము లోతు 3 నుంచి 4 సెంటీమీటర్లు ఉండాలి, లోపలి అంచున అద్దం జెర్సీకి తగలకుండా ఎడం ఉంచే పట్టీ (స్పేసర్) పెట్టించాలి. ఎందుకంటే ముందు అద్దానికి వినైల్ ఆనుకుంటే మన మే నెల ఎండలకి మెత్తబడి అతుక్కుంటుంది, తర్వాత విప్పితే 11 అద్దంతోపాటే వస్తుంది. గాజుకంటే 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటు తేలిక, అంత పెద్ద ఫ్రేము గోడకి బరువు కాదు. చెమట పట్టిన జెర్సీని జ్ఞాపకం అని అలాగే బిగించొద్దు, ఉతికి రెండు రోజులు పూర్తిగా ఆరాకే లోపల పెట్టాలి, లేదంటే కాలర్ దగ్గర బూజు మొదలవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో వెనక బోర్డు లోపలివైపు రెండు సిలికాజెల్ పొట్లాలు అంటించి, వానాకాలం అయిపోగానే మార్చండి.