కార్వెండెల్‌లో కార్లు రాని కంకర దారులు: కొన్నేళ్లు తొక్కాక నా అభిప్రాయం

మ్యూనిక్‌లో కొత్తగా గ్రావెల్ బైక్ (కంకర దారుల కోసం చేసిన వెడల్పు టైర్ల సైకిల్) కొన్న మనవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. వెనక నుంచి కారొస్తుందేమోనన్న బెంగ లేకుండా రోజంతా తొక్కే దారి ఎక్కడైనా ఉందా అని. ఉంది. షార్నిట్స్‌లో రైలు దిగండి.

ఆస్ట్రియాలోని టిరోల్ రాష్ట్రంలో, జర్మనీ సరిహద్దుకు ఆనుకుని, 964 మీటర్ల ఎత్తులో ఉన్న చిన్న ఊరది. 727 చదరపు కిలోమీటర్ల కార్వెండెల్ పర్వతాల నేచర్ పార్కుకు పడమటి వాకిలి. పార్కు 1928 నుంచీ రక్షిత ప్రాంతం. ఊరి చివర నుంచి కార్వెండెల్‌టాల్, హింటరౌటాల్, గ్లైర్ష్‌టాల్ అని మూడు లోయలు లోపలికి పోతాయి. మూడింటిలోనూ కంకర రోడ్లే, మూడింటిలోనూ బయటి కార్లకు ప్రవేశం లేదు. కొన్నేళ్లుగా జూన్ నుంచి అక్టోబరు దాకా వీలు దొరికినప్పుడల్లా ఈ లోయల్లోనే తిరుగుతున్నాను కాబట్టి, బాగున్నదీ బాగాలేనిదీ రెండూ చెబుతాను.

ముందు ఒక సంగతి. కార్లు రావంటే మన కార్లు రావని మాత్రమే. హట్లకు (తిండి, బస దొరికే కొండ మీది ఇళ్లకు) సరుకులు చేరవేసే జీపులు, అనుమతి ఉన్న టాక్సీ వ్యాన్లు, దుంగల లారీలు వస్తూనే ఉంటాయి. లారీల బెడద పనిరోజుల్లో ఎక్కువ. ఇక్కడంతా సున్నపురాయి. ఎండాకాలం మలుపు అవతల తెల్లటి దుమ్ము లేచిందంటే ఏదో బండి వస్తున్నట్టే, పక్కకు తప్పుకోండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని దిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

రెండోది చట్టం. బవేరియాలో అనువైన బాట కనిపిస్తే సైకిల్ తొక్కుకుంటూ పోవచ్చు, ఆ హక్కు రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. సరిహద్దు దాటితే లెక్క మారిపోతుంది. ఆస్ట్రియాలో 1975 నాటి అటవీ చట్టం ప్రకారం అడవిలో ఎవరైనా నడవొచ్చు గానీ, అటవీ రోడ్డు మీద సైకిల్ తొక్కాలంటే యజమాని ఒప్పుకోవాలి. అందుకే టిరోల్ ప్రభుత్వం 1997 నుంచి భూయజమానులతో ఒప్పందాలు చేసుకుని రూట్లు తెరిపిస్తోంది. రూటు బోర్డు ఉన్న దారిలో నిశ్చింతగా పోవచ్చు. తెల్లటి గుండ్రం చుట్టూ ఎర్రటి అంచు ఉన్న బోర్డు కనిపించి, దాని కింద సైకిళ్లకు మినహాయింపు రాసి లేకపోతే, ఫోన్‌లోని యాప్ ఎంత ముద్దుగా గీత గీసి చూపించినా పోకూడదు.

ఇక దారులు. గ్రావెల్ బైక్ మీద ఒక్కరోజే ఉందంటే నేను హింటరౌటాల్‌కే వెళ్తాను. అందరూ కార్వెండెల్‌టాల్ పైనున్న కార్వెండెల్‌హౌస్ అనే హట్ పేరే చెబుతారు, నేను మాత్రం ఒప్పుకోను. షార్నిట్స్ నుంచి కాస్టెన్‌ఆల్మ్ అనే కొండ పచ్చిక బయలు దాకా దాదాపు 14 కిలోమీటర్లు. ఊరు దాటగానే కాస్త ఎక్కించి, తర్వాత ఏటి పక్కనే సాగుతుంది. కాస్టెన్‌ఆల్మ్ ఉన్నది 1220 మీటర్ల దగ్గర. అంటే అంత దూరానికీ కలిపి నికరంగా ఎక్కేది 250 మీటర్ల పైచిలుకే. సన్న కంకర, బాగా అణిగిన నేల. పక్కన పారేది ఈసార్ నది. మ్యూనిక్ నడిబొడ్డున ఏ గట్టు మీద సాయంత్రం బీరు సీసాలతో కూర్చుంటామో, అదే నది. దాని పుట్టుక ఈ లోయలోనే. సుమారు 1160 మీటర్ల ఎత్తులో, పొదల మధ్య రాళ్ల కింది నుంచి చాలాచోట్ల నీళ్లు ఉబికి వస్తుంటాయి. బోర్డు ఉంది, చూడకుండా దాటిపోవడం కష్టం. నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే లోతు అంచనాకు అందదు. మోకాలి లోతనుకున్న చోట నడుము దాకా దిగిపోయినవాళ్లను చూశాను. ఆగస్టులో కూడా ఆ నీళ్లలో కాళ్లు నిమిషం ఉంచలేరు.

కాస్టెన్‌ఆల్మ్ దాటాక హాలరాంగర్‌హౌస్ అనే హట్‌కు ఎక్కాలనుకుంటే 1768 మీటర్ల దాకా పోవాలి. ఆ ముక్క నిటారు. సైకిల్ అక్కడే తాళం వేసి నడిచి వెళ్లండి, పరువేం పోదు.

కార్వెండెల్‌హౌస్ దారి వేరే రకం. షార్నిట్స్ నుంచి 18 కిలోమీటర్ల పైచిలుకు దూరం, 1771 మీటర్ల ఎత్తులో కొండకు అతుక్కున్నట్టుండే పాత హట్. 1908లో కట్టారు. మొదట్లో ఓ ఎక్కుడు, తర్వాత లోయ పొడవునా హాయిగా సాగుతుంది. చివర్లో మాత్రం ఘాట్ రోడ్డు మలుపులు ఊపిరి తీస్తాయి. ముందు 40 పళ్లు, వెనక 42 పళ్లు ఉన్న నా గేర్లతో ఎక్కగలను గానీ, పక్కన ఎలక్ట్రిక్ సైకిల్ మీద ఓ పెద్దాయన చిరునవ్వుతో దాటిపోతుంటే మనసు చివుక్కుమంటుంది. ఇంతవరకూ వచ్చి, తిని, అదే దారిన దిగిపోతే అద్భుతమైన రోజు.

కానీ చాలామంది ఆ పైన 1803 మీటర్ల హోహ్‌ఆల్మ్ కనుమ దాటి, అవతలి వైపు క్లైనర్ ఆహోర్న్‌బోడెన్‌కు దిగి, హింటర్‌రిస్ మీదుగా చుట్టు తిరుగుతారు. ఆ దిగుడు గ్రావెల్ బైక్ కోసం కాదు. గులకరాళ్లు కాదవి, పిడికిలంత వదులు రాళ్లు. ముందు షాక్ అబ్జార్బర్ ఉన్న మౌంటెన్ బైక్‌కు ఆట, మనకు మణికట్ల నొప్పి. కింద ముసలి మేపుల్ చెట్ల మైదానం, అక్కడే హెర్మన్ ఫాన్ బార్ట్ స్మారకం ఉన్నాయి. 1870లో ఒక్క వేసవిలోనే ఈ కొండల్లో 88 శిఖరాలు ఎక్కిన మనిషాయన, వాటిలో 12 అంతకుముందు ఎవరూ ఎక్కనివి. చూడాల్సిన చోటే, కాదనను. చూడాలంటే హింటర్‌రిస్ వైపు నుంచి ఎక్కి వెనక్కి రండి. హింటర్‌రిస్‌దో తమాషా: ఊరు ఆస్ట్రియాది, కారులో చేరాలంటే మాత్రం జర్మనీ నుంచే దారి. అక్కడి నుంచి పెద్ద మేపుల్ మైదానం ఉన్న ఎంగ్‌కు పోయేది టోల్ కట్టి కార్లు తిరిగే తారురోడ్డు. ఆకులు పసుపెక్కే అక్టోబరు ఆదివారాల్లో అటు సైకిల్ వేసుకుని పోవద్దు, కార్ల బారు తప్ప ఇంకేమీ కనిపించదు.

సైకిల్ గురించి నాలుగు మాటలు. 40 మిల్లీమీటర్లకు తక్కువ టైర్లతో రావద్దు. నేను 45 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్‌కు మారాక గాని పంక్చర్ల గోల తగ్గలేదు. ఇక్కడి రాళ్ల అంచులు వాడి. వాన పడితే సున్నపు దుమ్ము తెల్లటి గుజ్జుగా మారి డిస్కులకు పట్టేస్తుంది, బ్రేకు పట్టగానే కరకరమని గీరుతుంది. అలాంటి ఒక్క రోజు చాలు, మెత్తటి రెసిన్ ప్యాడ్లు సగం అరిగిపోతాయి. మెటల్ ప్యాడ్లు వేయించుకోండి. పశువులు దాటకుండా రోడ్డుకు అడ్డంగా పరిచిన ఇనుప కమ్మీలు తడిగా ఉన్నప్పుడు హ్యాండిల్ తిప్పకుండా నేరుగా దాటాలి. వాటికి ఇటూ అటూ ఆవులు నడిరోడ్డు మీదే పడుకుని నెమరువేస్తుంటాయి. మెడలో గంటలున్నా లేవవు, మనమే చుట్టూ తిరిగి పోవాలి.

తిండి సంగతి శాకాహారులకు. చీజ్ ఉండల సూప్ చూడ్డానికి శాకాహారమే, కానీ ఆ రసం చాలాచోట్ల గొడ్డుమాంసం ఎముకలతో కాచింది. అడిగి తీసుకోండి. చక్కెర చల్లిన కైజర్‌ష్మార్న్ (ముక్కలు చేసిన తీపి అట్టు) తింటే నిశ్చింత, అది గుడ్డు తినేవాళ్లకు. పశువుల పాకల దగ్గర దొరికే మజ్జిగ చిక్కగా, కాస్త పుల్లగా ఉంటుంది. నేను ఉప్పు పొట్లం జేబులో వేసుకునే బయల్దేరతాను. నగదు ఉంచుకోండి, కార్డు అన్నిచోట్లా నడవదు.

లోయల్లో చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఆస్ట్రియాలో పర్వత రక్షణ దళం నంబరు 140. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం దాటితే ఉరుములు మామూలే, అందుకే పొద్దున్నే ఎక్కి రెండింటికల్లా కిందికి వచ్చేయడం నా పద్ధతి. వేసవి చివర్లో ఒక శనివారం షార్నిట్స్ నుంచి పెర్టిసావుకు 52 కిలోమీటర్ల కార్వెండెల్ మార్చ్ జరుగుతుంది. ఆ తేదీ చూసుకుని మరో వారం రండి, లేకపోతే దారి నిండా కాలినడక జనమే.

నాకున్న పెద్ద ఫిర్యాదు దారుల మీద కాదు, రైలు మీద. మ్యూనిక్ నుంచి గార్మిష్, మిట్టెన్‌వాల్డ్ మీదుగా దాదాపు రెండు గంటలు. సైకిల్‌కు వేరే టికెట్ తీయాలి, అయినా చోటు గ్యారంటీ లేదు. ఎండ కాసిన శనివారం ఎనిమిది గంటల బండిలో సైకిళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి, టికెట్ చేతిలో పట్టుకుని ప్లాట్‌ఫాం మీదే మిగిలిపోయేవాళ్లూ ఉంటారు. ఆరున్నరకు ముందు బండి పట్టుకోండి. అది మిట్టెన్‌వాల్డ్‌లోనే ఆగిపోయేదైనా ఎక్కేయండి, అక్కడి నుంచి షార్నిట్స్ ఏడు కిలోమీటర్లు కూడా ఉండదు.