చిన్న యూనిట్లకు పీఎంఐ నివేదిక పనికొస్తుందా?

హెచ్‌ఎస్‌బీసీ పేరుతో ఎస్‌ అండ్‌ పీ గ్లోబల్‌ నెలనెలా ఇచ్చే ఇండియా తయారీ పీఎంఐ (పర్చేజింగ్‌ మేనేజర్స్‌ ఇండెక్స్‌, కంపెనీలకు సరుకు కొనే మేనేజర్ల జవాబులతో కట్టే సూచీ) నివేదిక మీద ఈ సమీక్ష. తిరుపతి జిల్లా గాజులమండ్యంలోనో శ్రీసిటీ చుట్టుపక్కలో పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసిచ్చే యూనిట్లకు ఇది కచ్చితంగా పనికొస్తుంది. కాకపోతే పైనున్న అంకెతో ఆగకుండా లోపల కొత్త ఆర్డర్ల గురించి రాసిన పేరా చదవాలి.

ఆర్డరు వచ్చాకే ముడిసరుకు కొంటారు, షిఫ్టులు పెంచుతారు, మనుషుల్ని తీసుకుంటారు. ఉత్పత్తిని లెక్కగట్టే ఐఐపీ (పారిశ్రామిక ఉత్పత్తి సూచీ) దాదాపు నెల ఆలస్యంగా వస్తుంది. పీఎంఐ మాత్రం నెల ముగిసిన ఒకట్రెండు పనిదినాల్లోనే, అదీ ఉచితంగా చేతికొస్తుంది.

సుమారు 400 కంపెనీల పర్చేజ్‌ మేనేజర్లను ఆర్డర్లు, ఉత్పత్తి లాంటి ఒక్కోదాని గురించి పోయిన నెలకంటే పెరిగిందా, తగ్గిందా, అలాగే ఉందా అని అడుగుతారు. నూటికి 30 మంది పెరిగిందని, 50 మంది అలాగే ఉందని, 20 మంది తగ్గిందని చెబితే, 30కి 50లో సగం కలిపి 55. మొత్తం అంకెలో కొత్త ఆర్డర్లకు 30 శాతం వాటా, ఉత్పత్తికి 25, ఉద్యోగాలకు 20, సరఫరా సమయానికి 15, కొన్న సరుకు నిల్వకు 10.

పొరపాటు పడేది ఇక్కడే. అంకె 56 నుంచి 53కి దిగితే తయారీ పడిపోయిందని శీర్షికలు పెట్టేస్తారు. 50 పైన ఉన్నంతవరకు అది పెరుగుదలే, వేగం మాత్రమే తగ్గింది. ఎంత పెరిగిందో కూడా ఈ అంకె చెప్పదు: ఆర్డర్లు 2 శాతం పెరిగినా 40 శాతం పెరిగినా జవాబు "పెరిగింది" అనే ఒక్క మాటే. ఇంకో మెలిక ఉంది: సరుకు ఆలస్యంగా అందితే గిరాకీ ఎక్కువైందని లెక్కేసి అంకెను పైకి నెడతారు. లాక్‌డౌన్‌లో లారీలు ఆగి ఆలస్యమైనా అది అంకెకు ఊతమే అయింది. అయినా 2020 ఏప్రిల్‌లో పీఎంఐ 27.4కి పడింది.

కొత్త ఆర్డర్ల పక్కనే తయారైన సరుకు నిల్వ ఎలా ఉందో చూడండి. ఆర్డర్లు మందగించి నిల్వ పెరుగుతుంటే, కంపెనీలు ముందు ఆ నిల్వ అమ్ముకుంటాయి, విడిభాగాల ఆర్డర్లకు కోత పడుతుంది. ఎగుమతి ఆర్డర్లను విడిగా చెప్పడం కూడా ఈ నివేదికలో మెచ్చదగ్గ విషయం.

మన జిల్లాల సంగతి ఇందులో దొరకదు, అదే పెద్ద లోటు. శ్రీసిటీలో ఏసీల పని ఎండలకు ముందే ఊపందుకుంటుంది, చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు తోతాపురి కాపుతోనే నడుస్తాయి. ఏటా అదే కాలంలో వచ్చే హెచ్చుతగ్గులను తీసేయడానికి దేశం మొత్తానికి చేసే సీజన్‌ సవరణ వీటికి సరిపోదు. మీ ఆర్డరు పుస్తకాన్ని పోయిన ఏడాది అదే నెలతో పోల్చుకోవాల్సిందే.

కొత్త మెషీన్‌కు అప్పు చేసేముందు రిజర్వ్‌ బ్యాంకు మూడు నెలలకోసారి చేసే ఓబికస్‌ సర్వే కూడా తిరగేయండి. ఆలస్యంగా వచ్చినా, ఫ్యాక్టరీల సామర్థ్యంలో ఎంత వాడుతున్నారో శాతంలో చెబుతుంది. 2020 ఏప్రిల్‌-జూన్‌లో అది 47.3. ఉన్న మెషీన్లే ఖాళీగా ఉంటే, ఆర్డర్లు ఒక నెల పెరిగినంత మాత్రాన పెద్ద కంపెనీలు విస్తరణకు దిగవు.