ఏడేళ్ల వాడకం తర్వాత మా ఇంటి ఇనుప గేటు: పెట్టిన ఖర్చు, నిలిచిన పని

2018 వేసవిలో ఒంగోలులో మా ఇంటికి ఇనుప గేటు పెట్టించాం. పన్నెండు అడుగుల వెడల్పు, ఐదు అడుగుల ఎత్తు, రెండు రెక్కలు. పక్కనే మనుషుల రాకపోకలకు మూడున్నర అడుగుల చిన్న గేటు. కింది సగం రేకు, పై సగం నిలువు కడ్డీలు. ఏడేళ్లుగా కారుకూ బండికీ రోజూ తీసి మూస్తున్న గేటు ఇది. కొత్తగా ఇల్లు కట్టుకునే బంధువులూ స్నేహితులూ "గేటుకు ఎంతయింది?" అని అడుగుతూనే ఉంటారు. వెల్డింగ్ షాపులో చెప్పే అంకె ఆ ప్రశ్నకు పూర్తి జవాబు కాదని ఈ ఏడేళ్లలో బాగా తెలిసివచ్చింది. గేటు ఆయుష్షు పిల్లర్ల పునాదిలో, రెక్కను పిల్లరుకు పట్టి తిప్పే బందుల్లో, రేకు అడుగున జానెడు మేర ఉంటుంది. డబ్బు అక్కడ పెట్టాలి. కంటికి ఇంపైన డిజైను ఆ తర్వాతి సంగతి.

ముందు ధర చెప్పే పద్ధతి గురించి. మా ఊళ్లో షాపులు రెండు రకాలుగా లెక్క కడతాయి. ఒకటి చదరపు అడుగుకు ఇంత అని, రెండోది కిలోకు ఇంత అని. చదరపు అడుగు లెక్కలో ఇనుము పలచబడుతుంది, ఎందుకంటే ఎంత తక్కువ ఇనుము వాడితే షాపుకు అంత మిగులు. కిలో లెక్కలో ఇనుము లావెక్కుతుంది, అవసరం లేని చోట కూడా బద్దీలు చేరతాయి. మేము కిలో లెక్కకు ఒప్పుకున్నాం. అయితే ఏ పైపు, ఏ మందం, ఎన్ని కడ్డీలు అన్నది ముందే కాగితం మీద రాయించాం. 16 గేజి రేకు అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు, 18 గేజి అంటే 1.2. చూపుకు తేడా తెలియదు, కానీ ఇనుములో నాలుగో వంతు పోతుంది. 16 గేజి రేకు చదరపు అడుగుకు దాదాపు 1.17 కిలోలు తూగాలి. చిన్న ముక్క కోయించి, కిరాణా కొట్టు త్రాసు మీద పెట్టి చూసినా తేలిపోయే విషయం ఇది.

రంగు వేయకముందే రెక్కల్ని కాటాకు తీసుకెళ్లి తూకం వేయించాం. చిన్న గేటుతో కలిపి 192 కిలోలు వచ్చింది. అప్పుడు కూలీతో సహా కిలో 95 రూపాయలు, అంటే 18,240. పక్కా బిల్లు తీసుకుంటే దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. ధర మాట్లాడుకునేటప్పుడే పన్నుతో కలిపి చెబుతున్నారా, విడిగానా అని అడగడం మంచిది. ఇదే పనికి ఇప్పుడు మా దగ్గర కిలోకు 140 పైనే చెబుతున్నారు.

ఇక పిల్లర్లు. ఒంగోలు చుట్టుపక్కల చాలాచోట్ల నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి చెయ్యి పట్టేంత బీటలు విచ్చుతుంది. ఈ నేల మీద రెండడుగుల లోతున ఇటుకతో లేపిన పిల్లరు నిలవదు. మా వీధిలోనే చూశాను. ఎంతో ఖర్చుపెట్టి చేయించిన గేటు రెండో వేసవికల్లా మధ్యలో ఒక రెక్క మీదికి ఇంకోటి ఎక్కి గడియ పడలేదు. ఇంటివారు వెల్డింగ్ షాపు మీద కోప్పడ్డారు గానీ ఒరిగింది పిల్లరు. మా మేస్త్రి ఈ విషయంలో పట్టుబట్టాడు. "సార్, గేటులో పదివేలు తగ్గించుకోండి, పిల్లర్లలో మాత్రం తగ్గించకండి" అన్నాడు. ఐదడుగుల లోతు తవ్వించి, నల్లమట్టి తీసి, అడుగున గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టించి, ఒక్కో పిల్లరుకు నాలుగు 12 మిల్లీమీటర్ల కమ్మీలతో కాంక్రీటు పోయించాం. నేల కింద రెండు పిల్లర్లనూ కలుపుతూ ఒక బీము వేశాడు. అన్నిటికంటే మేలు చేసింది ఆ బీమే. నేల ఎటు కదిలినా రెండు పిల్లర్లూ కలిసే కదులుతాయి గానీ వాటి మధ్య దూరం మారదు. రెండిటికీ కలిపి 19,000 అయింది, గేటు ఇనుము కంటే ఎక్కువ. ఏడేళ్ల తర్వాత కూడా గడియ వేలితో తోస్తే పడుతోంది.

చీమకుర్తి దగ్గరే కాబట్టి పిల్లర్లకు నల్ల గ్రానైటు అతికించుకోవడం మా వైపు మామూలే, కటింగ్ ముక్కలు తక్కువ ధరకే దొరుకుతాయి. మేమూ అతికించాం. బందుల పట్టీలను మాత్రం ముందే పిల్లరు లోపలి కమ్మీలకు వెల్డింగ్ చేయించి, ఆ తర్వాతే రాయి అతికించాలి. రాయి అతికించాక డ్రిల్లుతో బోల్టులు బిగిస్తే రాయి పగులుతుంది, బరువంతా ఆ బోల్టుల మీద పడుతుంది.

బందుల మీద పడే బరువు లెక్క వేసుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. మా ఒక్కో రెక్క సుమారు 70 కిలోలు, ఆరడుగుల పొడవు. పై బందుకూ కింది బందుకూ మధ్య దూరం నాలుగడుగులు. రెక్క బరువు నడిమధ్య, అంటే మూడడుగుల దగ్గర పడుతుంది కాబట్టి పై బందును పిల్లరు నుంచి పీకే బలం 52 కిలోల దాకా ఉంటుంది. ఇక 30 కిలోల పిల్లవాడు రెక్క చివర ఎక్కి ఊగితే ఇంకో 45 కిలోలు కలుస్తాయి. పిల్లలు ఊగకుండా ఉండరు, వీధిలో తిరిగే గేదెలు మెడ గీరుకోకుండా ఉండవు. షాపులో మొదట పెట్టిన మామూలు పైపు బందులు నాలుగో ఏటికి అరిగి, రెక్క కిందికి దిగి నేల గీరడం మొదలైంది. వాటిని తీయించి, కింద ఇనుప గోళీ మీద తిరిగే ఏర్పాటు, పైన బేరింగు ఉన్న బందు పెట్టించాం. 1,400 అయింది. ఇప్పుడు మా అమ్మ కూడా ఒక చేత్తో గేటు తీస్తుంది. ఆరు నెలలకోసారి గ్రీజు పెట్టడం తప్ప దానికి ఇంకేమీ అక్కర్లేదు. మొదటే ఈ ఏర్పాటు కోరుకోండి. రెక్కలో ఏటవాలు పైపు కూడా ఉండాలి. బందు వైపు కింది మూల నుంచి తెరుచుకునే వైపు పై మూలకు వెళ్లేలా దాన్ని వేస్తే వేలాడే బరువును కింది నుంచి మోస్తుంది.

తుప్పు గురించి నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఈ జిల్లాల్లో గేట్లను తినేసేది అదే. కొత్తపట్నం సముద్రం మాకు దూరమేమీ కాదు, తూర్పు గాలిలో ఉప్పు ఉంటుంది. రెండో ఏడు వానాకాలం తర్వాత చిన్న గేటు కింది పైపు మీద రంగు బొబ్బలెక్కింది. పైన రంగు గోకి మళ్లీ వేయమని షాపువాళ్లు సలహా ఇచ్చారు. మా పెయింటరు ఒప్పుకోలేదు. డ్రిల్లు తెచ్చి పైపు అడుగున చిన్న కన్నం పెట్టాడు. లోపలి నుంచి డికాక్షన్ రంగు నీళ్లు కారడం మొదలై చాలాసేపు ఆగలేదు. వాన నీరు అతుకుల సందుల్లోంచి పైపులోకి దిగి, బయటికి దారి లేక నిలిచిపోయింది. పైపు లోపలి నుంచే కుళ్లుతోంది, పైన ఎంత ఖరీదైన రంగు వేసినా ఏం లాభం? ఆ పైపు మార్చడానికి 2,600 అయింది. పెద్ద గేటుకు వెంటనే కన్నాలు పెట్టించాం, అది బతికింది. ప్రతి అడ్డు పైపుకూ అడుగున రెండు కన్నాలు ఉండాలి. వెల్డింగ్ షాపులో అది రెండు నిమిషాల పని. అడగకపోతే చేయరు.

రంగు విషయంలో కూడా అసలు పని రంగుకు ముందే ఉంది. వెల్డింగ్ మీద మిగిలే కిట్టాన్ని కొట్టి తీయాలి. కొత్త ఇనుము మీద ఉండే నల్లటి పొరను గ్రైండరుతో, ఉప్పు కాగితంతో పోగొట్టాలి. ఆ పొర మీద రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా రంగుకు ముందు పూసే ప్రైమరు) పూస్తే పొరతో పాటే ఊడిపోతుంది. మాది మొదటిసారి మామూలు రెడ్ ఆక్సైడ్, దాని మీద రెండు పూతల ఎనామెల్. రంగుకు 3,200 అయింది. మూడేళ్లకే మళ్లీ వేయాల్సివచ్చింది, ఖర్చు 3,800. ఆ తర్వాత 2023 వేసవిలో శుభ్రంగా గోకించి ఎపాక్సీ ప్రైమరుతో వేయించాం, 5,200. రెండు వానాకాలాలు దాటినా దానికి ఇంతవరకు మచ్చ రాలేదు. రేకులో పువ్వులూ నెమళ్లూ మిషనుతో కోసిన డిజైన్లు ఇప్పుడు అందరూ పెట్టిస్తున్నారు. చూడటానికి బాగుంటాయి. కానీ కోసిన పదును అంచుల మీద రంగు పలచగా నిలుస్తుంది, తుప్పు మొదట పట్టేది అక్కడే. సముద్రానికి దగ్గరున్నవారిని అవి పెట్టించుకోమని నేను చెప్పను.

స్టెయిన్‌లెస్ స్టీలు అయితే ఈ బాధ లేదంటారు. అది అందులో ఏ రకం అన్నదాన్ని బట్టి ఉంటుంది. 202 రకం చవక, అందులో నికెల్ తక్కువ. ఉప్పు గాలికి త్వరగా గోధుమ రంగు మచ్చలు వేస్తుంది. 304 మెరుగు, అయినా తీరంలో తరచూ మంచినీళ్లతో కడగాలి. 316లో మాలిబ్డినం ఉంటుంది కాబట్టి ఉప్పుకు బాగా తట్టుకుంటుంది, ధర కూడా అంతే ఎక్కువ. అమ్మేవారు అయస్కాంతం పెట్టి "చూడండి, అంటుకోలేదు, మంచి సరుకు" అని చూపిస్తారు. 202 కూడా అయస్కాంతానికి అంటుకోదు. ఆ పరీక్ష 202కూ 304కూ తేడా చెప్పదు. బిల్లు మీద రకం రాయించుకోండి.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, పై సగం కడ్డీలు పెట్టించిన విలువ తెలిసింది. గంటకు 100 కిలోమీటర్ల గాలి మా రెక్క అంత వైశాల్యమున్న పూర్తి రేకును దాదాపు 130 కిలోల బలంతో నెడుతుంది. కడ్డీలుంటే చాలా గాలి వాటి మధ్య నుంచి పోతుంది. గుట్టు కోసం కింది నుంచి పై దాకా రేకు వేయించుకునేవారు మధ్యలో నేలలోకి దిగే గడియను గట్టిగా, లోతుగా పెట్టించుకోవాలి. ఆ గుంటలో మట్టి నిండకుండా చూసుకోవాలి.

మాకు ఎదురైన ఇంకో ఖర్చు వీధి వల్ల వచ్చింది. పాత రోడ్డు తవ్వకుండానే దాని మీద సిమెంటు రోడ్డు వేశారు, వీధి ఎత్తు పెరిగింది. బయటికి తెరుచుకునే గేట్లున్న ఇళ్లవాళ్లు గేటు తీయలేకపోయారు. మాది లోపలికి తెరుచుకునేది కాబట్టి ఆ కష్టం రాలేదు గానీ, వాన నీరు లోపలికి రాకుండా గేటు కింద గట్టు ఎత్తు చేసి, దానికి తగ్గట్టు రెక్కల అడుగు భాగం కోయించాల్సివచ్చింది. గేటు కోత, అతుకు కలిపి 1,800.

మొత్తం లెక్క ఇది: గేటు 18,240, పిల్లర్లు 19,000, మొదటి బందులూ గడియలూ 1,600, ఆటో కిరాయి, బిగింపు 1,500, రంగు 3,200. మొదట్లో పెట్టినది 43,540. ఈ ఏడేళ్లలో రెండుసార్లు రంగు, కొత్త బందులు, పైపు మార్పిడి, అడుగు కోత కలిపి ఇంకో 14,800. అంటే మొదటి ఖర్చులో మూడో వంతు తర్వాత పడింది. అందులో బందులు, పైపు కలిపి నాలుగు వేలు మొదటే సరిగ్గా చేసి ఉంటే పడేవి కావు. పిల్లర్ల మీద పెట్టిన ప్రతి రూపాయీ నిలిచింది. గేటు పనితనానికి ఐదుకు మూడున్నర ఇస్తాను, పిల్లర్లకు ఐదుకు ఐదు.

ఇప్పుడు మా అక్కావాళ్లు కొత్తపట్నంలో ఇల్లు కడుతున్నారు. బావ మొదట మోటారుతో పక్కకు జరిగే గేటు అనుకున్నాడు. అక్కడ ఇసుక ఎగిరి నేల మీది పట్టాలో నిండుతుంది, చక్రం మొరాయిస్తుంది. అందుకని రెండు రెక్కలకే ఒప్పించాం. అంత దగ్గర ఉప్పు గాలికి మామూలు ఇనుము వద్దని జి.ఐ. పైపు, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపు, ఎంచుకున్నాం, కిలోకు 165 చెప్పారు. వెల్డింగ్ వేడికి అతుకుల దగ్గర జింకు పూత కాలిపోతుంది కాబట్టి ప్రతి అతుకు మీదా జింకు ఎక్కువున్న ప్రైమరు పూయాలి. మిగతా పైపు మీద కూడా నేరుగా ఎనామెల్ వేస్తే పెచ్చులూడుతుంది, జింకుకు పట్టే ప్రైమరు వేరే ఉంది. ఇవన్నీ, పైపులకు కన్నాలు, గోళీ మీద తిరిగే బందు, రంగుకు ముందు కాటా తూకం, ఒప్పంద కాగితంలో ఒక్కొక్కటిగా రాయించింది అక్క. షాపు యజమాని చదివి, సంతకం పెట్టి, అడ్వాన్సు తీసుకున్నాడు.