దవడ ఆపరేషన్ ప్లాన్: ప్లాస్టర్ అచ్చు మేలా, కంప్యూటర్ మేలా?

మా అక్క కూతురికి కింది దవడ ముందుకొచ్చి, గడ్డం ఎడమ పక్కకి పోయి ఉంటుంది. ఏడాదిన్నరగా కావలి నుంచి నెల్లూరుకి తిప్పి క్లిప్పులు వేయించాం, పళ్ళు వరసకొచ్చాయి. ఇక ఎముక కోసి సర్దాలి. ఎటు, ఎన్ని మిల్లీమీటర్లు జరపాలో ముందే తేల్చుకోవడానికి డాక్టరు రెండు దారులు చెప్పారు.

పాత పద్ధతిలో పళ్ళ అచ్చులు తీసి, ప్లాస్టర్ పోసి, దవడలా తెరుచుకుని మూసుకునే ఆర్టిక్యులేటర్‌కి బిగిస్తారు. పెన్సిల్ గీతలు గీసి, చిన్న రంపంతో కోసి, కొత్త చోట మైనంతో అతికిస్తారు. ఆ అమరికకి సరిపోయేలా రెండు పళ్ళ వరసల మధ్య గుర్రపు నాడా ఆకారంలో యాక్రిలిక్ పలక చేస్తారు. దాన్నే స్ప్లింట్ అంటారు. ఆపరేషన్ బల్ల మీద సర్జన్‌కి దారి చూపేది అదే.

ఖర్చు తక్కువ. కింది దవడ ఒక్కటే, వంకర లేకుండా నేరుగా వెనక్కి జరపాలంటే నేనైతే దీనికే ఓటేస్తాను. చిక్కేమిటంటే, ప్లాస్టర్‌లో పళ్ళే ఉంటాయి, ఎముక ఉండదు. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం దవడలో ఎటు పోతోందో అందులో కనపడదు.

కంప్యూటర్ పద్ధతిలో దవడకి సీటీ స్కాన్ తీసి, ఆ ఎముక బొమ్మని తెర మీదే కోసి జరిపి చూస్తారు. అందులో ఆ నరమూ కనిపిస్తుంది. క్లిప్పుల లోహం వల్ల సీటీలో పళ్ళు మసకబారతాయి కాబట్టి పళ్ళకి వేరే స్కాన్ తీసి దాంతో కలుపుతారు. డాక్టరు మౌస్‌తో కింది దవడని మధ్యకి తిప్పగానే, ఒక పక్క ఎముక ముక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకోవడం మాకే కనిపించింది. నచ్చకపోతే క్షణంలో మొదటికి రావచ్చు. అదే ప్లాస్టర్ కోశాక అయితే మళ్ళీ పోయాల్సిందే. స్ప్లింట్ కూడా త్రీడీ ప్రింటర్లోంచే వస్తుంది.

అలాగని గుడ్డిగా నమ్మకండి. మా మొదటి సీటీ వృథా అయింది. స్కాన్ సెంటర్లో "గట్టిగా కొరుకమ్మా" అన్నారట. పిల్ల కొరికింది, దవడ అలవాటైన పక్కకి జారింది. దాని మీద ఎంత గొప్ప ప్లాన్ వేసినా తప్పే కదా! డాక్టరు సరిచూసి ఇచ్చిన మైనం ముక్క కొరికించి మళ్ళీ తీయించాం. డబ్బూ రెండుసార్లు, రేడియేషనూ రెండుసార్లు. తెర మీద చూపించే రేపటి ముఖం కూడా అంచనాయే, ఎముక జరిగినంతా చర్మం జరగదు. ఇక పై దవడ ఎంత ఎత్తులో నిలపాలో ఏ స్ప్లింటూ చెప్పదు, బల్ల మీద సర్జన్ కొలుచుకోవాల్సిందే. కోసిన ఎముకని పట్టి ఉంచడానికి ఆ మనిషి కొలతకే చేసిన టైటానియం ప్లేట్లయితే అదీ చూసుకుంటాయి గానీ, వాటి ధర విని మా బావ కుర్చీలోంచి లేచాడు.

మాది వంకర కేసు, రెండు దవడలూ కదపాలి. అందుకే కంప్యూటర్‌కే ఒప్పుకున్నాం. ఆపరేషన్ సంక్రాంతి దాటాక. పిల్ల టెన్షన్ మాత్రం వేరు. "మామా, కొన్ని వారాలు నమలకూడదంట, మరి చేపల పులుసులో ముక్క?"

"పులుసు పోస్తాలే, ముక్క మీ మామకి" అంది మా అక్క.