ట్రాస్టుజుమాబ్ డే కేర్: శ్రీకాకుళంలో ఏడాది అనుభవం

మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స విశాఖపట్నంలో జరిగింది. ఆ తరువాత మూడు వారాలకొకసారి చొప్పున ఏడాదిపాటు ఎక్కించవలసిన ట్రాస్టుజుమాబ్ అనే క్యాన్సర్ మందు కోసం అన్నిసార్లు విశాఖ వెళ్ళిరావడం ఆమెకు భారమవుతుందని భావించి, శ్రీకాకుళం పట్టణంలోని ఒక చిన్న డే కేర్ కేంద్రంలో చేర్పించాం. అక్కడ ఆరు పడకలు, ఇద్దరు నర్సులు, ఒక మందుల కౌంటరు ఉన్నాయి. క్యాన్సర్ వైద్యుడు వారానికి రెండు రోజులు వస్తారు. 18 డోసులూ పూర్తయ్యాయి కనుక ఈ సేవ గురించి రాస్తున్నాను.

ఈ మందు ఒక యాంటీబాడీ, అంటే ఒక లక్ష్యాన్ని గుర్తించి అంటుకునే ప్రొటీను. కణం పైపొర మీద ఉండే హెర్‌2 అనే గ్రాహకాన్ని (సంకేతాలను అందుకునే ప్రొటీనును) పట్టుకుని, పెరగమని లోపలికి వెళ్ళే సంకేతాన్ని అడ్డుకుంటుంది; పైగా ఆ కణాన్ని రోగనిరోధక కణాలకు పట్టిస్తుంది. డాక్టరు గారు ఇదంతా ఓపికగా వివరించినప్పుడు అమ్మ, "ఏటి బాబూ, ఈ మందుకి ఆ కణం అడ్రసు ఎవులు సెప్పినారు?" అని అడిగింది. అడగవలసిన ప్రశ్నే అది. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుంచి 20 శాతం కణితుల్లోనే హెర్‌2 మితిమీరి ఉంటుంది; మిగిలినవారికి ఈ మందువల్ల ఖర్చు తప్ప ప్రయోజనం దాదాపు ఉండదు. అమ్మ కణితి ముక్కకు చేసిన మొదటి పరీక్షలో, హెర్‌2 ఎంత ఉందో 0 నుంచి 3+ వరకు చెప్పే కొలతలో, 2+ వచ్చింది. అది తేలని ఫలితం. జన్యువు ప్రతులను లెక్కించే ఫిష్ పరీక్ష కూడా చేయించి, హెర్‌2 జన్యువు ప్రతులు పెరిగాయని నివేదిక వచ్చేవరకు మొదటి డోసు ఇవ్వబోమని కేంద్రం వారు ఖచ్చితంగా చెప్పారు. పది రోజుల ఆలస్యానికి అప్పట్లో విసుక్కున్నాను గాని, ఈ కేంద్రం మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

మందు ఎక్కించే పద్ధతిలో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. వయల్‌ను (మందు సీసాను) 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచే ఫ్రిజ్‌కు బయట ఉష్ణోగ్రత మీటరు, పక్కన రోజూ రాసే పుస్తకం ఉన్నాయి. పొడిలో ద్రావకం పోశాక నర్సు దానిని కుదపకుండా మెల్లగా తిప్పుతారు. కుదిపితే నురగ వచ్చి ప్రొటీను పాడవుతుంది. గ్లూకోజులో కలపకూడదు కనుక సెలైన్‌లోనే కలిపారు. మొదటి డోసు 90 నిమిషాలు ఎక్కింది. మధ్యలో అమ్మకు చలిజ్వరం వస్తే డ్రిప్ ఆపి, దుప్పటి కప్పి, మందులిచ్చి, తగ్గాకే మళ్ళీ మొదలుపెట్టారు. తరువాతి డోసులు అరగంటలో ముగిసేవి.

నా ఫిర్యాదు మందుల కౌంటరు మీద. అమ్మ బరువు 48 కిలోలు. మొదటి డోసు కిలోకు 8 మిల్లీగ్రాముల లెక్కన 384, ఆ తరువాత కిలోకు 6 లెక్కన 288 మిల్లీగ్రాములు కావాలి. అంటే రెండో డోసు నుంచి 150 మిల్లీగ్రాముల వయల్స్ రెండు సరిపోతాయి. అయినా రెండో డోసుకు 440 మిల్లీగ్రాముల వయల్ బిల్లు వేశారు. మిగిలిన 152 మిల్లీగ్రాములు ఏమైందని అడిగితే పారబోశామన్నారు. పెట్టెతో వచ్చే ద్రావకంతో కలిపిన ఆ వయల్‌ను ఫ్రిజ్‌లో 28 రోజులు దాచవచ్చునని పెట్టెలోని కాగితంలోనే ఉంది. మా తరువాతి డోసు 21 రోజులకే. ఆ కాగితం చూపించాక మూడో డోసు నుంచి 150 వయల్సే ఇచ్చారు గాని, మొదటి నష్టం మాకు తిరిగి రాలేదు. బిల్లు కట్టేముందు బరువును ఆరుతో గుణించి చూసుకోండి.

హెర్‌2 క్యాన్సర్ కణాల సొత్తేమీ కాదు. గుండె కండరానికీ అది అవసరమే. అందువల్ల ముందుగా ఒకసారి, ఆపై మూడు నెలలకొకసారి గుండె పనితీరు చూసే ఎకో పరీక్ష చేయించాలి. ఆరో నెలలో అమ్మ గుండె పంపింగ్ 64 శాతం నుంచి 47కు పడిపోయింది. మందు ఆపేశారు. నాలుగు వారాల తరువాత 58కి చేరాకే మళ్ళీ మొదలుపెట్టారు. విరామం ఎక్కువైంది కనుక తిరిగి 384 మిల్లీగ్రాములతో, 90 నిమిషాలపాటు. ఎకో తేదీలను ఫోను చేసి గుర్తుచేసింది కూడా కేంద్రం వారే.

ఒకరోజు పలాస నుంచి వచ్చిన ఒకాయన, తన తమ్ముడి రక్త క్యాన్సర్‌కు కార్-టి చికిత్స ఇక్కడ చేస్తారా అని అడిగారు. 2023 అక్టోబరులో అనుమతి పొందిన నెక్స్‌కార్19 అనే కార్-టి చికిత్స మన దేశంలోనే, ఐఐటి బొంబాయి, టాటా మెమోరియల్ కృషితో తయారైందని డాక్టరు గారు చెప్పారు. అందులో రోగి టి-కణాలను (ఒక రకం రోగనిరోధక కణాలను) బయటికి తీసి, హాని చేయకుండా మార్చిన లెంటివైరస్ ద్వారా కొత్త జన్యువును చొప్పిస్తారు. వైరస్ ఒంట్లో దారి తప్పే ప్రమాదం లేకుండా ఆ పనంతా ప్రయోగశాలలోనే జరుగుతుంది. ఆ కణాలు తిరిగి ఒంట్లోకి వెళ్ళి పైపొర మీద సిడి19 అనే ప్రొటీను ఉన్న క్యాన్సర్ కణాలను వేటాడతాయి. ఆరోగ్యంగా ఉన్న బి-కణాలమీదా (ఇవీ రోగనిరోధక కణాలే) సిడి19 ఉంటుంది కనుక అవీ పోతాయి, అంటువ్యాధుల పట్ల జాగ్రత్త తప్పదు. ఇంతా చెప్పి, "ఇది మా ఆరు పడకల్లో అయ్యే పని కాదండి, ఐసీయూ ఉన్న పెద్ద కేంద్రానికి వెళ్ళాలి" అని చీటీ రాసిచ్చారు. వచ్చిన రోగిని ఎలాగైనా ఆపుకోవాలని చూసే చోట్లు కొన్ని తిరిగినవాడిని కనుక ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

తోడు వచ్చినవారికి కుర్చీలు చాలవు. వైద్యుడు వచ్చే రోజుల్లో ఉదయం తొమ్మిదిలోపే వెళితే పడక దొరుకుతుంది. ఫిష్ నివేదిక, ఎకో నివేదికల అసలు ప్రతులు వెంట తీసుకువెళ్ళండి. అవి చూడకుండా వారు వయల్ తెరవరు.